సంపంగి ఆంటీ ఆర్డరు

సాయితేజ ఆ ఇంట్లో మొదటిసారి కాలు పెట్టడమే చామంతుల మీద పెట్టాడు. అదీ బూటుకాలు.

"ఓ సారు, కండ్లు నెత్తికెక్కినయా? అవి గుడికి పోయే పూలు."

తలెత్తి చూశాడు. ఒళ్ళో మల్లెలు, వేళ్ళకు దారం, కళ్ళలో కోపం. కోపంగా ఉన్న మనిషి ఇంత బాగుండటం అన్యాయం కాదూ మరి? సాయితేజ చెప్పాల్సిన మాటే మర్చిపోయాడు.

"ఎల్లేష్ పంపాడండీ. కంప్యూటర్ చూడమని. నా పేరు తేజ."

"చూడు. గని నన్ను అండీ అనకు. మా స్కూల్ టీచర్ యాదికొస్తది."

ఆమె పేరు సోనీ. గుడిమల్కాపూర్ మార్కెట్ పక్క సందులో ఆమె తండ్రి మల్లన్నకు పూల దుకాణం ఉంది, పెళ్ళి స్టేజీలు కూడా కడతాడు. కట్టకముందే ఆ స్టేజీ ఎలా ఉంటుందో సోనీ కంప్యూటర్‌లో బొమ్మ చేసి పార్టీకి ఫోన్లో పంపుతుంది. ఇప్పుడా డెస్క్‌టాప్ మొండికేసింది. చిన్న పనులన్నీ బుద్ధిగా చేస్తుంది, పెద్ద బొమ్మ మొదలుపెడితే మాత్రం సగంలో టప్‌మని ఆరిపోతుంది.

ఎల్లేష్ ఈ వీధివాడే, ఆఫీసులో సాయితేజ పక్క సీటు. స్నేహితుడి మాట కాదనలేక వచ్చిన సాయితేజ ఆ సాయంత్రం క్యాబినెట్ విప్పి చూస్తే లోపల దుమ్ముతోపాటు ఎండిన మల్లె రేకులు రాలాయి. ఊడ్చి, ఫ్యాన్ తుడిచి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది పూశాడు. వేడెక్కి ఆరిపోతోందేమో అనుకున్నాడు. కాదు, మళ్ళీ ఆరిపోయింది.

మర్నాడు ర్యామ్ ముక్కలు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఆ మర్నాడు పవర్ సప్లై డబ్బా మార్చి చూశాడు. మల్లన్న "తాగు బిడ్డా" అంటూ చాయ్ తెచ్చి పెడుతూనే ఉన్నాడు. కంప్యూటర్ ఆరిపోతూనే ఉంది.

"నిజం చెప్పు తేజా, నీకు సమజైతలేదా, లేకుంటే చాయ్ కోసం వస్తున్నవా?"

"ప్రాసెసర్ మీద అనుమానంగానే ఉంది సోనీ. కానీ అది అంత తొందరగా పోదు. మిగతావన్నీ బాగున్నాయని తేలాకే దాన్ని అనాలి."

"జల్ది తేల్చు. శనివారం సాయంత్రం లోపట బొమ్మ పంపకుంటే సంపంగి ఆంటీ వేరేటోళ్ళకు ఆర్డరిస్తది."

సంపంగి ఆంటీ అంటే కొడుకు నిశ్చితార్థానికి స్టేజీ అడిగిన పార్టీ. అంతా సంపంగులే కావాలంటుంది, పూటకో రంగు మారుస్తుంది. ఫోన్లో తప్ప సోనీ ఆమెను చూసింది లేదు.

"ఆ ఆంటీ కొడుకును తలుచుకుంటే జాలేస్తోంది" అన్నాడు సాయితేజ.

"ఆయన మస్తు మంచోడంట. అమ్మ మాట దాటడంట."

"అయితే వాడి బుర్రలో ప్రాసెసర్ వాళ్ళమ్మదే అన్నమాట."

సోనీ నవ్విన నవ్వుకు ఒళ్ళోని మల్లెలు చాపంతా దొర్లాయి. ఏరడానికి ఇద్దరూ వంగారు. వేళ్ళు తగిలాయి. సైదాబాద్ వెళ్ళేదాకా అతనికి దారిలో ఒక్క సిగ్నలూ కనిపించలేదు, ఇంటికెలా చేరాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇంట్లో మాత్రం అమ్మ కామేశ్వరమ్మ కాచుకుని కూర్చుంది. "తణుకు సంబంధానికి ఊఁ అనవు, ఉహూఁ అనవు. శనివారం రాత్రికి నేనే మాటిచ్చేస్తాను."

ఉహూఁ అంటే ఎందుకని అడుగుతుంది. కంప్యూటర్ పాడైందన్న వంకతో రోజూ చూస్తున్న అమ్మాయి ఆ వంక తీరాక కూడా రమ్మంటుందో లేదో అతనికే తెలియదు. శనివారం అడిగేయాలి. అడగలేకపోతే అంతే సంగతులు.

శనివారం వాన దంచుతోంది. తడిసి ముద్దయి వచ్చి, ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకూ విడివిడిగా లెక్కలిచ్చే పరీక్ష పెట్టాడు. మూడు సరిగ్గా చేశాయి. నాలుగోది తప్పు మీద తప్పు చేసి మొత్తం యంత్రాన్నే ఆర్పేసింది.

"దొరికింది సోనీ. ప్రాసెసరే."

"అంటే నలుగురు దండ కడుతుంటే ఒకరు ముడి తప్పేస్తున్రు. అందుకే సగంల తెగుతున్నది."

"అంతే."

ఎల్లేష్ దగ్గర అరువు తెచ్చిన ప్రాసెసర్ బిగించి బొమ్మ మొదలుపెట్టారు. పావు వచ్చింది. సగం వచ్చింది. సోనీ తెలియకుండానే అతని భుజం పట్టుకుంది. సగం దాటింది. గులాబీ రంగు తెర, దీపాలు, పైన సంపంగుల తోరణం, అన్నీ వచ్చేశాయి. సోనీ గాలి పీల్చుకుని ఆంటీకి పంపేసింది.

సాయితేజ స్క్రూడ్రైవర్ సంచీలో పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు.

"ఇగ పోతవా?"

"బాగైంది కదా."

"అవ్, బాగైంది."

అతను అడగబోయేంతలో ఫోన్ మోగింది. పూలమీద నీళ్ళు చల్లుతున్న తడి చేత్తో సోనీ స్పీకర్ నొక్కింది.

"అమ్మాయీ, బొమ్మ ఎంత బాగుందో. బోర్డు మీద సాయితేజ అని రాయి. పెళ్ళికూతురి పేరు రాత్రికి చెప్తాను. మావాడు నోరు విప్పి చావడం లేదు. రోజూ ఎవరిదో కంప్యూటర్ బాగుచేయాలంటూ పోతాడు. అది బాగైతే గానీ వీడు బాగుపడడు."

సాయితేజ నోరు తెరుచుకుపోయింది. అది అమ్మ గొంతు.

సోనీ అతని మొహం చూసింది. "నీ పూర్తి పేరేంది?" అంది గుసగుసగా.

"అదే."

వెనక్కి తగ్గితే మళ్ళీ అడగలేనని అతనికి తెలిసిపోయింది. ఫోన్ మీదికి వంగాడు.

"అమ్మా."

"ఒరేయ్, నువ్వు ఈ ఫోన్లోకెలా వచ్చావురా?"

"ఆ కంప్యూటర్ ఈ ఇంటిదే. తణుకు వాళ్ళకు మాటివ్వకమ్మా. ఆ బోర్డు మీద పెళ్ళికూతురి పేరు సోనీ అని ఉండాలని నా కోరిక. తనని ఇంకా అడగలేదు. ఇదిగో, ఇప్పుడే అడుగుతున్నాను."

సోనీ బుగ్గలు ఎర్రబడ్డాయి.

"గిట్ల స్పీకర్ల అడుగుతరా ఎవరన్నా?"

"పెట్టేయనా?"

"వద్దు. ఆంటీ గూడ విననీ."

గుమ్మంలో చాయ్ గ్లాసులతో తండ్రి. సోనీ అటు చూసింది.

"నన్నెందుకు జూస్తవు బిడ్డా" అన్నాడు మల్లన్న. "ఒక్క కంప్యూటర్ కోసం గిన్ని చాయ్‌లు దెస్తనా నేను?"

సోనీ ఫోన్ దగ్గరకు జరిగింది. "ఆంటీ, నేను ఒప్పుకున్న."

"ఒప్పుకున్న... ఏంటమ్మా? సగంలో ఆపేశావు."

"గంతే ఆంటీ. నేను ఒప్పుకున్న."

"మావైపు అది సగం మాటేనమ్మా. నువ్వు ఒప్పుకున్న అబ్బాయి మావాడేనా?"

"మీవోడే."

సాయితేజ ఫోన్ మీదికి ఇంకాస్త వంగాడు.

"మీ నాన్నగారికి ఫోనివ్వు" అంది కామేశ్వరమ్మ.

మల్లన్న గ్లాసులు కిందపెట్టి, భుజంమీది తువ్వాలుకు చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. ఏమని పిలవాలా అని ఒక్క క్షణం ఆగాడు.

"చెప్పు చెల్లె" అన్నాడు.

"విన్నవా?" అంది సోనీ, సాయితేజ చెయ్యి పట్టుకుని. "బాపు చెల్లె అన్నడు."

"అన్నయ్యగారూ" అంది ఫోన్లో కామేశ్వరమ్మ, "ముందు మీ ఇంటికి దారెటో చెప్పండి."