మధ్య తలుపు అవతలి గొంతు

ఆ రిసార్టులో వరండా చివరి గది ఎవరికీ ఇవ్వరు. దాని పక్క గది మాత్రం ఇస్తారు. అదీ మిగతావన్నీ నిండిపోయినప్పుడు, నసుగుతూ. రెండు గదులకీ మధ్య ఒక తలుపుంది. పెద్ద కుటుంబాలు దిగితే అటూ ఇటూ తిరగడానికని ఎప్పుడో పెట్టించారట. ఇప్పుడు దానికి ఇటూ గడియే, అటూ గడియే. రాత్రిపూట అవతలినుంచి ఎవరో వేలితో కొడతారని చెప్పుకుంటారు. గట్టిగా కాదు... పక్కింటావిడ పంచదార అడగడానికి వచ్చినట్టు.

పలక్కపోతే ఏమీ లేదు. పలికినవాళ్ల సంగతే ఇది. విన్నది విన్నట్టు చెప్పుకోవడమే.

ఆ పక్క గదిలో దిగింది ముగ్గురు — తల్లి, కొడుకు, కోడలు. తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. బతుకంతా మొహాలు తెలియని గొంతులతో మర్యాదగా మాట్లాడింది. ఎదురుగా ఉన్న మనుషులతోనే పొసగేది కాదు. అందులోనూ కోడలితో.

కొడుక్కి పెయింట్ల కొట్టు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి, ఆఖరికి ఈ సముద్రం ఉపాయం కనిపెట్టాడు. కోడలు బయల్దేరేముందే తేల్చి చెప్పింది.

"వస్తాను. అక్కడ కూడా మీ అమ్మ నోరు ఇలాగే ఉంటే అటునుంచి అటే మా ఇంటికి పోతాను. మళ్లీ పిలవడానికి రావద్దు."

ఆ మాట వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన పడింది. పడాలనే అన్నది కూడా.

తీరా వచ్చి చూస్తే, ఫొటోలో నీలంగా మెరిసిన ఈతకొలను పాచిపట్టి ఉంది. అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ మునిగిపోయి వీపు మాత్రం పైకి పెట్టింది. గదిలో ఏసీ దగ్గుతుంది గానీ చల్లబడదు. దుప్పట్లు పిండితే నీళ్లు కారేటంత చెమ్మ. స్నానాల గది కిటికీకి అద్దం బదులు అట్టముక్క.

"సముద్రం కనిపిస్తుందన్నావు కదరా," అంది తల్లి.

"కనిపిస్తుందమ్మా. వరండా చివర నిలబడి మెడ సాచితే..."

"మెడ సాచడానికి నేనేమన్నా కొంగనా?"

కోడలికి నవ్వాగలేదు. అదే పొరపాటైంది.

"నవ్వు, నవ్వు. ఈ కొంపని ఏరి పెట్టింది నువ్వే అయ్యుంటావు."

"ఏరింది మీ అబ్బాయి అత్తయ్యా. నన్ను ఏరింది కూడా ఆయనే. ఆయన ఏరినవేవీ మీకు నచ్చవని నాకు తెలుసు."

కొడుకు తువ్వాళ్లు అడిగే వంకతో బయటపడ్డాడు. తల్లి కూడా వెంట నడిచింది. మేనేజరు ఫోన్లోంచి తలెత్తలేదు.

"తువ్వాళ్లు ఆరలేదు. ఇంకో మాట — రాత్రి మధ్య తలుపు చప్పుడైతే పలక్కండి."

"అవతల ఎవరున్నారు?" అందామె.

"ఎవరూ లేరు."

"మరి చప్పుడెవరు చేస్తారయ్యా?"

"అందుకే పలక్కండి అన్నాను."

ఆ రాత్రి ముగ్గురూ చల్లారిన తిండే తిన్నారు. కోడలు పెట్టె విప్పనే లేదు. జిప్పు వేసినట్టే మంచం కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకుంది. తెల్లారితే ఆ పెట్టె ఎటు వెళుతుందో అందరికీ తెలుసు. అత్తగారికి మడతమంచం వేశారు... సరిగ్గా మధ్య తలుపు పక్కన.

కొడుకు గురక ఎత్తుకున్నాడు. ఆమెకి కన్ను మూతపడుతోంది... అప్పుడు —

టక్. టక్.

"చెప్పండి," అనేసింది.

అన్నాక గానీ తానెక్కడుందో గుర్తు రాలేదు. మోగినదానికి పలక్కుండా ఉండడం ఆ నోటికి చేతకాదు. అన్నేళ్ల ఉద్యోగం అది.

అవతలినుంచి ఒక ఆడగొంతు... సన్నగా, చెమ్మచెమ్మగా.

"నిద్ర పట్టలేదా?"

భయపడాల్సింది. కానీ ఆ మాట ఆమెని అడిగినవాళ్లు చాలాకాలంగా లేరు.

"ఈ కొంపలో పట్టొద్దూ?" అని గుసగుసగా మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. కోడలి వంట, కోడలి ఎదురుమాట, కోడలి నవ్వు. అవతలి గొంతు "ఊఁ... ఊఁ..." అంటోంది. మధ్యమధ్య ఆమె మాటల తోకలే పట్టుకుని తిరిగి పలుకుతోంది. "నవ్వింది... ఊఁ. లెక్కలేదు... ఊఁ." పలికేకొద్దీ ఆ గొంతులో చెమ్మ ఆరుతోంది.

చివరికి అది అడిగింది.

"మీకు అక్కర్లేకపోతే... నాకిచ్చెయ్యరాదూ?"

"పట్టుకుపో," అందామె, ఇంట్లో కసురుకున్నట్టే. "పీడా పోతుంది."

"ఊఁ."

ఆ ఊఁ విని ఉలిక్కిపడింది. ఎక్కడో విన్న గొంతు. గొంతులు మర్చిపోయే మనిషి కాదు. అయినా ఎవరిదో అందడం లేదు...

లేచి మంచం వైపు చూసింది. కొడుకొక్కడే ఉన్నాడు. పక్క దిండు మీద తల ఆన్చిన గుంట ఉంది, తల లేదు. వరండా తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. పెట్టె మాత్రం కదల్లేదు.

పుట్టింటికి పోయే మనిషి పెట్టె వదిలి పోదు.

కొడుకుని లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేపి ఏం చెప్పాలి? నీ పెళ్లాన్ని ఇచ్చేశానురా అనా?

మధ్య తలుపు గడియ లాగింది. వేళ్ల చర్మం లేచింది గానీ గడియ జరిగింది. తోసింది. అవతలి గడియ వేసి లేదు.

లోపల ఉప్పు వాసన. నేలంతా ఇసుక. స్విచ్ నొక్కితే వెలగలేదు. వరండాలోంచి పడే ఆ కాస్త వెలుతురులో, పరుపు లేని మంచం మీద కోడలు కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని... వెనకనుంచి ఎవరో జడ వేస్తున్నట్టు తల వాల్చి.

"ఏయ్... ఇక్కడేం చేస్తున్నావు?"

కోడలు వెనక్కి తిరగలేదు. "మీరే కదా పిలిచారు."

"నేనా?"

"ఇటు రామ్మా అన్నారు. పెళ్లయ్యాక మీ నోట ఎన్నడూ అమ్మా అనిపించుకోలేదు. నిజమో కాదో చూద్దామని పరుగెత్తుకొచ్చాను."

అత్తగారు రామ్మా పోదాం అనాలని నోరు తెరిచింది. ఆమె పెదవి కదిలేలోపలే —

"కూర్చోమ్మా. ఎక్కడికీ వెళ్లొద్దు."

మూలనుంచి వచ్చింది. ఇప్పుడు అందింది ఆ గొంతు ఎవరిదో. తనదే. కానీ తానెన్నడూ ఇంట్లో వాడని మెత్తదనంతో.

వరండా వెలుతురు సన్నబడి ఆరిపోయింది. చీకట్లో కోడలు పిలిచింది. "అత్తయ్యా... మీరెటున్నారు?"

"ఇటమ్మా," అంది మూలనున్న గొంతు. "ఇటు... నా తల్లీ."

అత్తగారికి అర్థమైంది. ఇప్పుడు తాను ప్రేమగా ఒక్క మాటన్నా, పిల్లకి రెండు గొంతులూ ఒకటే. ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా నోట్లోకి తెచ్చుకుంది.

"బుద్ధిలేనిదానా, ఆ బూజు మంచం మీద ఎవరు కూర్చోమన్నారే నిన్ను? జుట్టు విరబోసుకోడానికి ఇంతకంటే చోటు దొరకలేదా? మీ ఇంట్లో నేర్పిందిదేనా? లేస్తావా, వచ్చి రెండు తగిలించనా?"

మంచం కిర్రుమంది.

"వస్తున్నా అత్తయ్యా."

మంచులాంటి చెయ్యి ఒకటి తడుముకుంటూ వచ్చి ఆమె చేతిలో పడింది. ఇవతలికి లాగేసి, గడియ వేసి, మడతమంచం అడ్డంపెట్టి ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. వెనకనుంచి తెల్లవార్లూ ఒకటే పిలుపు. అమ్మా... అమ్మా...

పొద్దున్నే కొడుకు ఒళ్లు విరుచుకుంటూ "బాగా నిద్ర పట్టిందా?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే వాడి మీద విరుచుకుపడ్డారు.

మేనేజరు తాళంచెవి అందుకుంటూ ఇద్దరి మొహాలూ చూశాడు. "పలికారన్నమాట," అని మళ్లీ ఫోన్లోకి తల దించుకున్నాడు.

కోడలు పుట్టింటికి పోలేదు. అత్తగారి నోరూ మారలేదు.

కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం ఇద్దరూ వంటింట్లో కూరలు తరుగుతున్నారు. పెరటి తలుపు అవతలినుంచి పిలుపు వినిపించింది.

"ఇటు రామ్మా..."

కోడలి చేతిలో కత్తి ఆగింది. అత్తగారి పెదాల వైపు చూసింది. అవి బిగిసి ఉన్నాయి.

"పని చూసుకోవే, పనికిమాలినదానా," అంది అత్తగారు, తలెత్తకుండా.

"అలాగే అత్తయ్యా," అంటూ కోడలు పీట ఆమె పక్కకి జరుపుకుంది.