ముత్తయిదువ విస్తరి

"ఆ విస్తరి ముందు ఇంకెవరినీ కూర్చోబెట్టకండి! తద్దినం ఎవరిదో ఆవిడే వచ్చింది!"

జగదీశ్వరి కేకకు పురోహితుడి మంత్రం సగంలో ఆగిపోయింది. గడప మీద ఆమె చెయ్యి పట్టుకుని, తల నెరిసిన సన్నటి మనిషి నిలబడి ఉంది. జగదీశ్వరి తండ్రి భావనారాయణ చేతిలోంచి నేతి గరిటె జారిపోయింది.

విజయనగరంలోని ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా జగదీశ్వరి తల్లి తాయారుకు తద్దినం పెడుతున్నారు. కళింగపట్నం సముద్రంలో మునిగి, పుణ్యస్త్రీగా పోయిందని ఏటా ఒక ముత్తయిదువకూ విస్తరి వేస్తారు. తల్లి పోయిందన్ననాటికి జగదీశ్వరికి ఆరేళ్ళు. ఇప్పుడామె డాక్టరు. మతి చెడటం వంశంలో ఎలా దిగుతుందో పరిశోధిస్తోంది. విశాఖపట్నం పిచ్చాసుపత్రిలో ఒక్కో రోగికీ వంశవృక్షం గీస్తుంది. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, మతి చెడినవాళ్ళకు నల్లరంగు.

మొన్న ఒక రోగి వంశవృక్షంలో, కూతురి సున్నా కింద తన పేరే రాయాల్సి వచ్చింది.

"ఎవరే ఈవిడ?" అంది చూడామణి, భావనారాయణ రెండో భార్య.

"మీ సవతి, పిన్నీ. తమ్ముడు పురిట్లో పోయాక అమ్మకు మతి చెడింది. ఏడాదిలో నెమ్మదించింది. 'ఇంటికి పంపవచ్చు, ఎవరూ రాలేదు' అని ఏటేటా రిజిస్టర్లో రాశారు. మొగుడి పేరు చెప్పమంటే చెప్పదు. చెబితే ఆయనకు ఆయుక్షీణమట! పిల్లల పేర్లు అడిగిందాన్ని నేనొక్కదాన్నే."

వాకిట్లోంచి జట్కా సూరయ్య నోరు తెరిచాడు. "ఏటి బాబూ, బతికున్న మనిసికి పిండాలెట్టేసినారేటి?"

"నోర్ముయ్!" భావనారాయణ తేరుకున్నాడు. "నాకేం తెలుసు? వాళ్ళన్న నరసింగరావు పుట్టింటికని తీసుకెళ్ళాడు. సముద్రంలో పోయిందని కబురంపాడు. చేర్పించింది వాడే అయ్యుంటాడు. భావనపాడు చిరునామాతో సంతకం ఉంటుంది చూసుకో!"

"మామయ్యది కళింగపట్నం. రిజిస్టర్లో భావనపాడని తప్పుడు చిరునామా ఉందని నేను చెప్పలేదే నాన్నా."

భావనారాయణ మొహం నల్లబడింది. మరుక్షణం గొంతు పెంచాడు. "నీ కోసమేనే! పిచ్చి రక్తంలో దిగుతుందని నీ చదువే చెబుతోందిగా? పిచ్చిదాని కూతుర్ని ఎవడు చేసుకుంటాడు?"

"దిగొచ్చు, దిగకపోవచ్చు. నా చదువు చెప్పేది అంతే! రెండువందల ఇళ్ళు తిరిగాను. అన్ని ఇళ్ళలోనూ ఒకటే మాట, 'మా వంశంలో అలాంటివాళ్ళు లేరండీ' అని. లేకుండా చేసేది మీలాంటివాళ్ళే!"

"నా చేత ఏటేటా ఈ వంట వండించారా మీరు?" చూడామణి గరిటె విసిరికొట్టింది. తాయారు రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నిన్నక్కడ దింపిందెవరు? నలుగురిలో చెప్పు!"

తాయారు తన కోసం వేసిన విస్తరి వంక చూసింది. పిండాల పళ్ళెం వంక చూసింది.

"నేను పోయానుగా" అంది. "చచ్చినదాని నోటితో పేరు చెబితే ఎవరి ఆయుష్షు తగ్గుతుంది?"

తల తిప్పి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

"భావనారాయణ! నన్ను దింపినవాడు భావనారాయణ!"