గొంతు వెనక గంటల పాట

"చచ్చిపోయిన పిల్ల పాడుతోందండీ," అంది ఇసాకా, చేతిలో గొడుగైనా ముడవకుండా.

జపాన్‌లోని ఒకాయామా నగరంలో డిటెక్టివ్ కుజె చిజురు ఆఫీసు మెట్లెక్కేది ఎక్కువగా మొగుళ్ళ మీద అనుమానం ఉన్నవాళ్ళే. ఈ మాట వినగానే సహాయకుడు మొగామి టీ ఒలకబోసుకున్నాడు. చిజురు మాత్రం కుర్చీ చూపించింది.

ఇసాకా చెప్పింది ఇదీ. సాయో అనే గాయని గొంతుతో పాడే సాఫ్ట్‌వేర్ చేస్తానని సెగావా అనేవాడు బయల్దేరాడు. ఆమె ఒక్కో అక్షరాన్నీ రకరకాల స్వరాల్లో పాడి రికార్డు చేయాలి. ఆ తర్వాత ఎవరు ఏ పాట రాసినా కంప్యూటర్ ఆమె గొంతుతో పాడుతుంది. అభిమానులు తలా కొంత చందా వేసుకున్నారు. అభిమాన సంఘం పెద్ద ఇసాకా, "నాదీ పూచీ" అని అందరికీ చెప్పింది. చలికాలంలో సాయో జబ్బుచేసి పోయింది. రికార్డింగంతా ముందే అయిపోయిందని సెగావా ప్రకటించాడు. నిన్న ఒక నమూనా పంపాడు.

"శవపేటికలో పూలు పెట్టింది నేనే," అంది ఇసాకా. "ఆఖరి రోజుల్లో రెండు మాటలకే ఆయాసపడేది. ఇందులో గుక్క తిప్పుకోకుండా పాడుతోంది. ఇది మోసమైతే, నన్ను నమ్మినవాళ్ళకి మొహం ఎలా చూపించను? మోసం కాకపోతే ఇంకా భయం!"

"గొంతు ఆమెదేనా?"

"అచ్చం ఆమెదే. అయినా నా చెవుల్ని నమ్మకండి. ఫోన్ వాళ్ళమ్మ ఎత్తినా సాయో అనుకుని వాగేసేదాన్ని."

చిజురు నమూనా వింది. ఒకే ఊపిరిలో సాగే 'ఆ'. మళ్ళీ వింది.

"వెనకాల సన్నగా గంటల పాట వస్తోందే?"

"గంటలా?" ఇసాకా చెవి ఒగ్గింది. "ఓ, అదా! సాయంత్రం అయిదుకి మా ఊరి స్పీకర్లలో వేస్తారుగా, పిల్లల్ని ఇళ్ళకి పొమ్మని. రోజూ వినేదే, ఎవరు పట్టించుకుంటారు?"

మర్నాడు ఇసాకా, సాయోల ఊరైన ఆ రేవు పట్టణంలో చిజురు, మొగామి ఏటవాలు సందు ఎక్కుతుంటే, ఒక ముసలమ్మ మనవణ్ణి రెక్క పట్టి లాక్కొస్తోంది.

"పాత పాట వినపడితే పరిగెత్తుకొచ్చేవాడు. వసంతంలో కొత్తది పెట్టారు, వీడి చెవికి ఎక్కి చస్తేగా!"

మొగామి నవ్వాడు. చిజురు నవ్వలేదు. ముసలమ్మ చేత రెండు పాటలూ కూనిరాగం తీయించుకుంది.

"మీ నవ్వయ్యాక, మొగామి గారూ, రేపు అందర్నీ సాయో ఇంటికి రమ్మనండి."

మర్నాడు సాయో ఇంటి గుమ్మంలో ఇసాకా కొయ్యబారిపోయింది. లోపలి నుంచి సాయో గొంతు, "రండి, రండి" అంది. తలుపు తీసింది మాత్రం తల్లి తొకియె.

సాయో గదిలో ఫోటో ముందు అగరొత్తి వెలుగుతోంది. అందరూ కూర్చున్నారు. అయిదయింది. కిటికీ అవతల గంటల పాట మొదలైంది.

"నమూనా వెనక ఉన్నది ఈ పాటే," అంది చిజురు. "వసంతంలో పెట్టింది. సాయో పోయింది చలికాలంలో. అంటే పాడింది బతికున్న మనిషి. ఫోన్లో ఇసాకా గారినే మోసపుచ్చిన గొంతు. సెగావా గారూ, మీరు ప్రతి చప్పుడూ తుడిచారు. ఇది మాత్రం మీ చెవికే ఆనలేదు. ఈ ఊళ్ళో పెరిగారు మరి."

సెగావా తల దించుకున్నాడు. "సాయో సగమే పాడింది. చందా డబ్బంతా ఖర్చయిపోయింది, వెనక్కివ్వడానికి ఏం మిగల్లేదు."

"వీణ్ణేం అనకండి. నేనే పట్టుబట్టాను," అంది తొకియె. "మాట ఇచ్చి ఎగ్గొట్టిందని నా బిడ్డని అంటే భరించలేను. బయటి చప్పుళ్ళు రాకుండా ఆ గోడ అలమరలో పరుపుల మధ్య కూర్చుని, దానిలాగే పాడాను."

మొగామి చిజురు వంక మెచ్చుకోలుగా చూడబోయి, ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేకపోవడం చూసి చూపు తిప్పుకున్నాడు.

ఇసాకాకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "నాకు చెప్పి ఉంటే మీతో కలిసి ఏడ్చేదాన్ని కదమ్మా! ఇవాళే అందరికీ నిజం చెప్పేస్తాను. ఉండేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళు తిడతారు. సెగావా, సాయో పాడినవి మాత్రమే వినిపించు."

సెగావా మీట నొక్కాడు. అవి పాట కాలేదు. అక్కడొక అక్షరం, ఇక్కడొక అక్షరం, మధ్యలో ఆయాసం. అంతా విడివిడిగా, పక్కగదిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు వచ్చాయి.

ప్రతి పిలుపుకీ తొకియె, "ఆఁ, వస్తున్నా," అంటూనే ఉంది.