పుచ్చకాయకు గడ్డం

“గైడుగారూ, మీ పుచ్చకాయకు గడ్డం ఉందండీ!”

నిచ్చెన మీద కూర్చున్న అమ్మాయి ఆ మాట అనేసరికి గైడు ఉలిక్కిపడి తలెత్తాడు. మ్యూజియంలో పాత బొమ్మల మురికి తీయడానికి నెల్లాళ్ళ కిందట వచ్చిందామె. పని ఈరోజుతో సరి. సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. ఈలోగా ఎలాగైనా మనసులో మాట చెప్పెయ్యాలని పొద్దున అద్దం ముందు పదిసార్లు వల్లెవేసుకుని వచ్చాడు. తీరా చూస్తే మధ్యలో ఈ గడ్డం ఒకటి!

“గడ్డమేంటండీ?”

“వచ్చి చూడండి.”

గోడంత బొమ్మ. నాలుగు వందల ఏళ్ళ నాటిది. పెద్ద పెద్ద చెట్లు, ఏరు, మేస్తున్న ఆవులు, బంగారంలాంటి ఎండ. ఓ మూల చెట్టు కింద బొటనవేలంత మనుషులు. “పిక్నిక్‌కి వచ్చి హాయిగా పుచ్చకాయ కోసుకుంటున్నారు” అని మూడేళ్ళుగా అందరికీ చెబుతున్నాడు గైడు. చిన్నపిల్లలను ముక్కలు లెక్కపెట్టమనేవాడు కూడా!

ఆమె దూదిపుల్లతో మురికి తీసిన చోట ఇప్పుడు కాయ లేదు. తల ఉంది. పక్కన కత్తి పట్టుకున్న సైనికుడు ఉన్నాడు.

“ఓరి నాయనో! హత్యా?”

“నమ్మిన దేవుణ్ణి వదలనన్నాడని చంపుతున్నారు. బొమ్మ వెనకాల రాసుంది. మొదటిరోజే చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“మీరు అంత ముద్దుగా చెబుతుంటే నాకు నోరు రాలేదు.”

అంతలో నెలనెలా వచ్చే మామ్మగారు రానే వచ్చింది.

“కళ్ళజోడు మార్చుకొచ్చాను నాయనా. ఆ పుచ్చకాయ మళ్ళీ చూపించు.”

గైడు ఆవిడను బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

“అది కాయ కాదు మామ్మగారూ, మనిషి తల. ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను.”

“అయ్యయ్యో! నీ మాట విని ఇంటికెళ్ళి సగం కాయ తిన్నాను కదరా!” మామ్మగారు బొమ్మలోకి వంగింది. “అంత ఘోరం జరుగుతుంటే ఈ ఆవులేంటి ఇంత నిమ్మళంగా మేస్తున్నాయి?”

గైడు మొదటిసారి నిదానంగా చూశాడు. ఆవుల కాపరి ఆ హత్య వైపు వీపు తిప్పి ఉన్నాడు. ఏట్లో బట్టలు ఉతికే ఆవిడ తల ఎత్తలేదు.

“ఘోరాలు ఇలాగే జరుగుతాయేమో మామ్మగారూ. మనకు ఎండ హాయిగా ఉంటే పక్కనేమైనా పట్టదు. చూడనివాళ్ళను చూపించడానికే ఇంత పెద్ద బొమ్మ వేశాడనుకుంటా ఆ చిత్రకారుడు. నేనూ ఆ కాపరి బాపతే.”

మామ్మగారు నిట్టూరుస్తూ వెళ్ళిపోయాక అమ్మాయి నిచ్చెన దిగింది.

“బాగా చెప్పారు. ఇంకేం కనపడలేదా మీకు?”

గైడు బొమ్మంతా వెతికాడు.

“అక్కడ కాదు మహానుభావా! ఆ మూల తప్ప పనంతా రెండు వారాల కిందటే అయిపోయింది. పొడి దూదితో తుడిచిందే తుడుస్తున్నాను రోజూ. ఎందుకనుకున్నారు?”

“మురికి బాగా గట్టిదేమో అనుకున్నానండీ.”

ఆమె నెత్తి కొట్టుకుంది. గైడుకు అప్పుడు వెలిగింది. వల్లెవేసుకున్నదంతా ఒక్క ముక్కా గుర్తులేదు.

“వెళ్ళకండి” అన్నాడు.

“ఊరికే ఉండిపోతారేంటి ఎవరైనా? పక్క హాల్లో ఇంకో బొమ్మ ఉంది. చాలా మురికిగా ఉంది.”

“ఎన్నాళ్ళు పడుతుందండీ?”

“మీ అమ్మగారు వచ్చి మా అమ్మతో మాట్లాడేదాకా.”