నాలుగు గంటలకు ఏడుపు

సోమ్లి జొన్నరొట్టెను అరచేతులతో కొడుతున్న చప్పుడు పక్కింటి దాకా వినిపిస్తోంది. అంత గట్టిగా కొట్టక్కర్లేదు. కోపం రొట్టె మీద చూపిస్తోందని ఇంట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"యాడీ, ఇంకో పది రొట్టెలు ఎక్కువ చెయ్యి. ఆరుగురు వస్తున్నరు," అంది సునీల, వాకిలి ఊడుస్తూ. వాళ్ల తండాలో అమ్మను యాడీ అంటారు, నాన్నను బా అంటారు.

"చేస్తున్న గద! వచ్చేటోళ్లు రొట్టెలు తినిపోతే మంచిదే. మమ్మల్ని తినకపోతే చాలు."

ఎల్లారెడ్డి నుంచి ఆటోలో పోతే ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది ఆ తండా. సునీల కామారెడ్డిలో డిగ్రీ చదివి, ఏడాది కింద హైదరాబాద్‌లో ఒక చిన్న టూరిజం ఆఫీసులో చేరింది. పట్నం వాళ్లను పల్లెలకు తీసుకుపోయి, అక్కడి ఇండ్లలోనే ఉంచి, వాళ్లు తినేదే తినిపించి, వాళ్ల బతుకు తెలుసుకునేలా చెయ్యడం ఆ ఆఫీసు పని. సునీల వెంటపడి వెంటపడి తన తండాకు కూడా మనుషులను పంపమని ఆఫీసును ఒప్పించింది. దానికి కారణం ఒకటే. ప్రతి ఏడూ దీపావళి కాగానే అమ్మానాన్నలు సోమ్లి, లింబ్యా ఇద్దరూ ఇంటికి తాళం వేసి చెరుకు కోతకు పోతారు, హోలీకి గాని రారు. నెలనెలా ఇట్లా మనుషులు వస్తే వాళ్లిచ్చే డబ్బుతో ఆ వలస తప్పుతుంది.

లింబ్యా అరుగు మీద కూర్చొని బిడ్డ తెచ్చిన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. "పదింటికి... రాక. ఒంటిగంటకు... భోజనం. నాలుగు గంటలకు... ఢావ్లో. పెండ్లికూతురి ఏడుపు పాట. సోమ్లిబాయి..."

రొట్టె చప్పుడు ఆగిపోయింది.

"ఏందీ?"

లింబ్యా కాగితం మడిచాడు. ఆలస్యమైపోయింది.

పెండ్లయి పోయే పిల్ల తల్లి మెడ, అక్కచెల్లెండ్ల మెడ పట్టుకొని రాగం తీసి ఏడ్చే ఏడుపే ఢావ్లో. పిల్ల గడప దాటేటప్పుడు తప్ప తండాలో అది వినిపించదు.

"ఎవరిదే పెండ్లి ఇయ్యాల?" సోమ్లి పిండి చేతులతోనే బయటికొచ్చింది.

"ఎవరిది కాదు యాడీ. ఊకే ఒక్క ఐదు నిమిషాలు. తండాల నీ అంత మంచిగ ఎవరు తియ్యరు గద."

"ఏడుపుకు టైం పెట్టినవా! నువ్వు అత్తగారింటికి పోతున్నవా, మీ బా సచ్చిండా?"

"పొద్దుగాల్నే నన్నెందుకు సంపుతవే," అన్నాడు లింబ్యా.

"నువ్వు నోరు ముయ్యి!"

సునీల చీపురు విసిరేసింది. "నీకోసమే రాసిన! వాళ్లకు నచ్చితే నెలనెలా వస్తరు. ఆ చెరుకు తోటల గుడారంల చలికి వణుకుడు తప్పుతది. నీ చేతులు చూస్కో ఒక్కసారి, చెరుకాకు కోసి కోసి ఎట్లయినయో!"

"నా చేతులు నా ఇష్టం. చెరుకు కోస్తుంటె నన్ను కుర్చీలేసుకొని ఎవ్వరు చూడరు."

సోమ్లి లోపలికి పోయి మళ్లీ రొట్టె కొట్టడం మొదలుపెట్టింది.

పదిన్నరకు వ్యాను వచ్చింది. ముందు దిగినావిడ పద్మప్రియ. నలభై ఏళ్లుంటాయి, ఆ బృందానికి పెద్ద. ఇట్లాంటి ప్రయాణాలు చాలా చేసిందట. నచ్చితే ఇంకా ఎంతోమందిని పంపిస్తానని ఆఫీసులో మాట ఇచ్చిందట. అందుకే సునీల ఆమె వెనకాలే తిరిగింది.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. రొట్టె, పుంటికూర పప్పు బాగున్నాయన్నారు, తిన్న పళ్లాలు తామే కడిగారు. కానీ పొయ్యికి ఫోటో, మేకకు ఫోటో, సోమ్లి చేతి గాజులకు ఫోటో. ఆ తర్వాత ప్రశ్నలు. "ఎన్నేళ్లకు పెళ్లయింది? పిల్లలెంతమంది? ఒక్కతేనా పుట్టింది, పోయినవాళ్లున్నారా? మీ ఆయన తాగుతాడా?" సోమ్లి అన్నిటికీ "ఆ", "ఊ" అనే చెప్పింది. పోయిన పిల్లల సంగతి అడిగినప్పుడు మాత్రం లేచి నీళ్లకు పోయింది.

నాలుగింటికి వాకిట్లో కుర్చీలు వేశారు. తండా ఆడవాళ్లు గోడ పక్కన చేరారు. సోమ్లి గోడకు ఆనుకొని కూర్చుంది. ఆరుగురూ ఫోన్లు పైకెత్తారు.

"మేం రెడీ అమ్మా," అంది పద్మప్రియ.

సోమ్లి కదల్లేదు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. సునీల ముఖం ఎర్రబడింది. ఆమె లేచి పక్కింటి ప్రియాంక మెడను వాటేసుకుంది. కండ్లకు చున్నీ అడ్డం పెట్టుకొని, చిన్నప్పుడు పెండ్లిండ్లలో విన్న రాగం తీసింది. ప్రియాంకకు నవ్వాగలేదు. సునీల దాని వీపు మీద గిల్లింది.

నాలుగు వరుసలు అయ్యాయి. అతిథులు చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి ప్లీజ్, వీడియో సరిగా రాలేదు," అన్నాడు వెనకాల ఒకాయన.

గోడ పక్కనున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. సోమ్లి కూడా లేచింది. కానీ పోకుండా, పద్మప్రియ కూర్చున్న కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"పెండ్లయిందా అమ్మా నీకు?"

"అయింది."

"మరి లే. నీ పెండ్లినాడు ఎట్ల ఏడ్చినవో ఏడ్చి చూపియ్యి. మేం చూస్తం. ఓ సునీల బా, ఫోన్ పట్టు!"

"యాడీ! నా పరువు తీస్తున్నవ్!" సునీల అరిచింది.

"నీ పరువా? నాది మరి? పొద్దట్నుంచి నా కడుపుల సంగతులన్ని అడిగిండ్రు. ఒక్కరన్న తమ ముచ్చట ఒక్కటి చెప్పిండ్రా? ఇంటికొచ్చినోళ్లు గట్లనే ఉంటరా?" సోమ్లి బిడ్డ వైపు తిరిగింది. "నువ్వు రాగం మంచిగనే తీసినవ్. నేను మా యాడి మెడ పట్టుకొని గదే తీసిన. నలుగురొచ్చి నా చేతులు ఇడిపిచ్చిండ్రు. తర్వాత చెరుకు తోటల ఉన్నప్పుడు కబురొచ్చింది, యాడి పోయిందని. వచ్చేసరికి గోరి మీద మట్టి కూడ ఆరింది. మా యాడిని నేను ఆఖరిసారి ముట్టుకున్నది ఆ ఏడుపులనే. దానికి చప్పట్లు కొట్టిచ్చినవ్ గదనే!"

సునీలకు ఈ సంగతి తెలియదు. ఇరవై రెండేండ్లు ఆమెకు బిడ్డగా ఉండి తెలియదు.

పద్మప్రియ కూడా తగ్గలేదు. "మాకెందుకమ్మా కోపం చూపిస్తారు? కాగితంలో రాసింది మీ అమ్మాయే. మేం అడగలేదు," అంది. తర్వాత ఎవరినీ చూడకుండా అంది, "నేను ఏడవలేదు. మాది రిజిస్టర్ పెళ్లి. సాగనంపడానికి ఎవరూ రాలేదు. పొద్దున కామారెడ్డిలో వ్యాను ఇటు తిరిగింది. తిరగకుండా నేరుగా పోతే సదాశివనగర్. అరగంట కూడా పట్టదు. మా అమ్మ అక్కడే ఉంటుంది. పదకొండేళ్లయింది చూసి."

ఆమె మీద జాలి చూపిస్తుందేమో అనుకున్నారు అందరూ. సోమ్లి చూపించలేదు.

"అరగంట దూరంల కన్నతల్లిని పెట్టుకొని, నా ఏడుపు వినేటందుకు ఇంతదూరం వచ్చినవా?"

ఫోన్లు ఎప్పుడు జేబుల్లోకి పోయాయో తెలియదు. కుర్చీలన్నీ అట్లనే ఉన్నాయి, మనుషులు మాత్రం తలలు దించుకున్నారు. చివరికి లింబ్యానే చాయ్ పెట్టి తెచ్చాడు. వ్యాను చీకటి పడకముందే వెళ్లిపోయింది. పద్మప్రియ ఎక్కేటప్పుడు సోమ్లికి దండం పెట్టింది. సోమ్లి చూసి కూడా చూడనట్టే ఉంది.

పది రోజులు గడిచాయి. ఆఫీసు నుంచి మాటాపలుకూ లేదు. సునీల సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది గాని తల్లితో మాట్లాడలేదు. తల్లీ మాట్లాడలేదు. ఆ రోజు చెరుకు కోతకు మనుషులను తీసుకుపోయే మేస్త్రీ సిద్దిరాములు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. "ఏమంటవ్ లింబ్యా? లారీల మీ ఇద్దరికి జాగ పెట్టాల్నా వద్దా?"

లింబ్యా నోరు తెరిచేలోపే సునీల ఫోన్ మోగింది. అటు పద్మప్రియ. "నీతో కాదు సునీలా, మీ అమ్మకివ్వు," అంది.

సోమ్లి ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకొని కేకేసినట్టే మాట్లాడింది.

"ఆ, సోమ్లినే... మీ అమ్మ కాడికి పోయినవా?... తలుపు తీసిందా?... మొకం మీద ఏసిందా! మల్ల?... గేటు కాడనే కూసున్నవా? ఎంతసేపు?" చాలాసేపు విన్నది. పైటకొంగు ఒకసారి కండ్ల దాకా పోయి దిగింది. "అన్నం పెట్టిందా? అయితే చాలు తీ... ఆ?... ఎప్పుడు?... రావచ్చా అని అడుగుతున్నవా? అడిగినవ్ గద, రా. ఆరుగురు వద్దు, నెలనెలా ఇద్దరు చాలు. నేనేం పాడ, ముందే చెప్తున్న. పత్తి ఏరనీకి నాతోని చేనుకు రావాలె."

ఫోన్ బిడ్డకిచ్చి మేస్త్రీ వైపు తిరిగింది. "ఈ యాడాది మేం రాం అన్నా. జాగ ఇంకొకలకియ్యి."

"రామా?" అన్నాడు లింబ్యా, నమ్మలేక.

"నీకు చెరుకు మీద మనసుంటె నువ్వు పో."

సునీల గుంజకు ఆనుకొని నిలబడిపోయింది. రావచ్చా అని ఒక్క మాట. పరాయి మనిషి ఫోన్ చేసి అడిగింది. తాను నెల రోజులు కూర్చొని ఆ కాగితం తయారు చేసింది. ఇండ్లు లెక్కపెట్టింది, బాట చూసింది, వంటలు రాసింది. తల్లిని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆమె మంచి కోసమే గదా అనుకుంది.

"నిన్ను అడగకుంటనే రాసిన యాడీ," అంది. మాట పూర్తి కాకముందే ఏడుపొచ్చింది. వెక్కిళ్లు ఆపుకోలేకపోయింది.

సోమ్లి దగ్గరికొచ్చి, గరుకు అరచేతితో బిడ్డ చెంపలు తుడిచింది. "ఇప్పుడు అడుగు."

"వాళ్లొస్తే ఏం చేద్దాం యాడీ?"

ఆ ప్రశ్న సోమ్లిని ఇంతవరకు ఎవరూ అడగలేదు. గడప మీద కూర్చొని, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఆలోచించింది.

"ముందుగాల కాళ్లు కడుక్కొని చాప మీద కూసోమను," అంది. "తర్వాతి సంగతి వాళ్ల మొకాలు చూసి చెప్త."