మాస్టర్ పెట్టిన మసాలా టీ

పై ఇంటి అమ్మాయి కిందికి దిగొచ్చి తలుపు కొట్టేసరికి, బేకరీ మాస్టర్ స్టవ్ పక్కన కిటికీ దగ్గర నిలబడి ఏదో ఆలోచనలో పడి ఉన్నాడు. తలుపు తీయగానే ఆమె అతని మొహం వంక చూడలేదు. అతని భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది.

“మీ ఇంట్లో పాలు మాడిపోతున్నాయండి.”

“లేదండీ, నేను స్టవ్ పక్కనే ఉన్నాను,” అన్నాడతను ఎంతో నమ్మకంగా.

ఆమె స్టవ్ వైపు వేలెత్తి చూపించింది. అతను వెనక్కి తిరిగితే గిన్నెలోంచి నల్లటి పొగ లేస్తోంది. పరుగున వెళ్లి స్టవ్ కట్టేసి, చేతికందిన గుడ్డతో గిన్నె దించి సింకులో పెట్టి నీళ్లు వదిలాడు. అది బుస్సుమంది. ఆమె ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఉంది. పై ఇంటిదాకా కమ్మేసిన కంపు, అదే గదిలో ఉన్న మనిషికి ఎలా తెలియలేదో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే, జలుబు చేసిందన్నాడు. నమ్మినట్టే తలూపింది గాని, మెట్లెక్కుతూ మరోసారి వెనక్కి తిరిగి చూసింది.

ఆమె వీధి మలుపులో ఉన్న కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఎవరికి ఏ అద్దం సరిపోతుందో చూసి చెబుతుంది. వాళ్లమ్మతో కలిసి పై వాటాలోకి ఈమధ్యే దిగింది. వీధిలో అందరూ కళ్లద్దాలమ్మాయి అంటారు గాని, ఆమెకు మాత్రం కళ్లద్దాలు లేవు.

ఇక మాస్టర్ సంగతి. అతనికి జలుబూ లేదు, గిలుబూ లేదు. ఆమధ్య పెద్ద జ్వరమొచ్చింది. తగ్గేటప్పుడు ఆ జ్వరం అతని ముక్కులోని వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది. మరొకరికైతే ఇది చిన్న ఇబ్బంది. కేకులు చేసే మనిషికి ఇంకేం మిగిలింది? వెన్న కమ్మగా కరిగిందో, మాడబోతోందో ఓవెన్‌కి వీపు పెట్టి కూడా చెప్పగలిగినవాడు, ఇప్పుడు నిమిషానికోసారి వంగి ఓవెన్ అద్దంలోంచి రంగు చూసుకుంటున్నాడు. టైమర్ మోగకముందే ఉలిక్కిపడుతున్నాడు. ఓనర్‌కి ఈ సంగతి తెలియదు. పైగా ఆయన, షాపుకి పేరు తెచ్చే కొత్త కేకు ఒకటి తయారుచెయ్యమని అతని మీదే భారం పెట్టాడు.

డాక్టర్ ఒక ఉపాయం చెప్పాడు. రోజూ అవే నాలుగు వస్తువులు ముక్కు దగ్గర పెట్టుకుని, వాటి వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలట. ఎప్పటికి తిరిగొస్తుందంటే మాత్రం పెదవి విరిచాడు. మాస్టర్ అల్లం, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క ఎంచుకున్నాడు. రోజూ పొద్దున్నే వాటిని పీల్చి, పీల్చి, ఏమీ తెలియక విసుగెత్తి, పారెయ్యడానికి మనసొప్పక, పాలల్లో వేసి టీ పెట్టుకునేవాడు. తాగితే తియ్యటి వేడినీళ్లలా ఉండేది. ఆ ఆవిరి మొహానికి తగులుతుంటే మాత్రం కాస్త ఊరటగా ఉండేది.

మాడిన పాలకు క్షమాపణగా మర్నాడు పొద్దున ఒక కప్పు టీ పైకి పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు. కాసేపటికే ఆమె ఖాళీ కాని కప్పుతో కిందికొచ్చింది.

“ఇది టీయేనా, పంటి నొప్పికి మందా? నాలుక మొద్దుబారిపోయింది. ఇందులో ఎన్ని లవంగాలు పోశారు?”

అతనికి నిజంగానే గుర్తులేదు. పిడికెడు పోసి ఉంటాడు. ఆమె కప్పు బల్ల మీద పెట్టి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“జలుబు కాదు కదండీ?”

రోజంతా మనుషుల కళ్లలోకి చూసే ఉద్యోగం ఆమెది. ఆ చూపు ముందు అబద్ధం నిలవలేదు. అక్కకి తప్ప ఎవరికీ చెప్పని సంగతంతా ఆమెకు చెప్పేశాడు. ఆమె అయ్యో పాపం అనలేదు, ధైర్యం చెప్పలేదు. మీరు టీ పెట్టండి, వాసన నేను చూసి చెబుతాను, ఏం తప్పిందో అప్పుడు తెలుస్తుంది కదా అంది. తన షాపు తెరిచే ముందు రోజూ ఓ కప్పు టీకి వస్తానంది.

అలా మొదలైంది.

అల్లం పొట్టు గీకి కచ్చాపచ్చాగా దంచాలని, దాన్ని నేరుగా పాలల్లో వేస్తే పాలు విరుగుతాయని, ముందు నీళ్లలో మరగనివ్వాలని ఆమె చెప్పింది. యాలకులు తొక్కతో సహా చితక్కొట్టాలి. దాల్చినచెక్క చిటికెన వేలు గోరంత చాలు. లవంగం ఒక్కటే, రెండోదాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనంది. నీళ్లు రంగు తిరిగాక టీపొడి, ఆ తర్వాత పాలు. పొంగు రాగానే మంట తగ్గించి, అణిగాక మళ్లీ పొంగనివ్వాలి. అతను ముక్కుతో చెయ్యలేని పనిని చెవులతో, కళ్లతో చెయ్యడం నేర్చుకున్నాడు. నీళ్లు మరిగే చప్పుడు వేరు, పాలు పడ్డాక ఆ చప్పుడు మెత్తబడటం వేరు.

ఆమె స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కో వాసనా ఎలా ఉందో చెప్పేది. అల్లం, తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చేసే మేనత్తట. లవంగం, పలకరిస్తే చాలు తగువుకొచ్చే పక్కింటాయన. యాలకులు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు. దాల్చినచెక్క, అందరూ వెళ్లిపోయినా ఇంకా కబుర్లు చెబుతూ కూర్చునే చుట్టం. అతను నవ్వేవాడు. నవ్వుతూ ఆమె మూసిన రెప్పల వంక చూసేవాడు. ఆమె కళ్లు తెరవగానే గబుక్కున గిన్నె వైపు తిరిగేవాడు.

‘మీరు’లోంచి ‘నువ్వు’లోకి ఎప్పుడు దిగారో ఇద్దరికీ గుర్తులేదు. అతనికి మాత్రం కుదురు పోయింది. లేవగానే స్టవ్ తుడిచేవాడు. తుడిచిన స్టవ్ మళ్లీ తుడిచేవాడు. పైన కుర్చీ జరిగినా, కుళాయి తిప్పినా చెవులు రిక్కించేవాడు. మెట్ల మీద అడుగులు పేపరు వేసేవాడివైతే ఉసూరుమనేవాడు.

ఒక పొద్దున యాలకులు దంచుతుంటే ఏదో తెలిసింది. లీలగా, అలా వచ్చి ఇలా పోయింది. అతను రోలు మీదికి వంగి మళ్లీ పీల్చాడు. ఉంది. మర్నాడు ఇంకాస్త ఉంది. ఆమె రాగానే చెప్పాలని గుమ్మం దాకా ఎదురెళ్లాడు. ఆమె లోపలికొచ్చి, స్టూలు లాక్కుని, ఒక్క గుక్క తాగి, లవంగం ఇవాళ కూడా ఎక్కువైందని పెదవి విరిచింది. అతను గిన్నె కడిగే నెపంతో సింకు వైపు తిరిగాడు. వాసన వచ్చేసిందంటే ఈమె రేపు ఎందుకొస్తుంది?

చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. వాసన పోయినప్పటి దిగులుకన్నా వచ్చినప్పటి దిగులు ఎక్కువైంది.

వాన పడుతున్న ఒక పొద్దున ఆమె కాస్త ఆలస్యంగా వచ్చింది. తడిసిన గొడుగు మూలన పెడుతుంటే అతను కప్పు అందిస్తూ అడిగాడు.

“తలనొప్పా?”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మొహం వాడిపోయింది కదా, అందుకే...”

ఆమె చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది. ఇంట్లో బామ్ రాసుకున్నా, జిడ్డు కనబడకుండా శుభ్రంగా తుడుచుకునే వచ్చింది. మొహం కూడా ఎప్పటిలాగే ఉందని ఆమెకు తెలుసు.

“వాసన వచ్చిందా నీకు?”

అతను తల దించుకున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“కొన్నాళ్లుగా.”

ఆమె కప్పు ముట్టుకోకుండానే లేచింది. రోజూ ఇక్కడికొచ్చి ఆలస్యమవుతోందని షాపులో అందరి ముందూ మాటలు పడుతోంది. అది అతనికి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పింది. గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

“మీ ఓనర్ దగ్గర వాసన రావట్లేదని దాచారు. నా దగ్గర వస్తోందని దాచారు. ఇంతకీ మీరు నిజం చెప్పేది ఎవరికండీ?”

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ ‘అండీ’ దగ్గర అతని ప్రాణం చివుక్కుమంది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో అతనికే తెలియాలి. టీ పెట్టేవాడు, తాగలేకపోయేవాడు. పైకి రెండు మెట్లు ఎక్కి దిగొచ్చేవాడు. ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాడు. అక్క ముందు నవ్వింది, తర్వాత గట్టిగా తలంటింది. ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేముందని నిలదీసింది. ముందు మీ ఓనర్ దగ్గరికెళ్లి నోరు విప్పు, ఆ తర్వాత ఆ పిల్ల ముందు నిలబడే మొహం ఉంటుంది నీకు అంది.

అతను వెళ్లి చెప్పేశాడు. ఓనర్ చేతిలోని లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ముక్కు పోయినందుకు కాదు, ఇన్నాళ్లు దాచినందుకు కోపం వచ్చిందన్నాడు. కొత్త కేకు పని ఇంకో మాస్టర్‌కి అప్పగించాడు. వాసన పూర్తిగా కుదుటపడే దాకా బ్రెడ్డు పని చూడమన్నాడు. మనసు చిన్నబుచ్చుకోలేదని కాదు. కానీ ఆ సాయంత్రం పిండి పిసుకుతుంటే ఎన్నాళ్లకో అతని చేతులు తొందరపడలేదు.

మర్నాడు కళ్లద్దాల షాపుకి వెళ్లి, మిగతా అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. తన వంతు రాగానే లోపలి గదిలోకి వెళ్లాడు. ఆమె చూసింది. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు తగ్గించి, బరువైన ఫ్రేమ్ ముక్కు మీద పెట్టి అందులో అద్దాలు బిగించింది.

“కింది వరుస చదవండి.”

“కనబడట్లేదండీ.”

అద్దం మార్చింది. “ఇప్పుడు?”

“ఇప్పుడూ లేదు. నేను అటు చూడట్లేదు.”

ఆమె చెయ్యి అక్కడే ఆగింది. అతను ఆ ఫ్రేమ్ తియ్యకుండానే, ఎక్కడ ఆగితే మళ్లీ నోరు పెగలదోనన్నట్టు చెప్పుకుపోయాడు.

“ఓనర్‌కి చెప్పేశాను. కొత్త కేకు పని పోయింది, పోనీ. నీకు చెప్పకపోవడం తప్పే. వాసన వచ్చేసిందని తెలిస్తే నువ్వు రావడం మానేస్తావని భయపడ్డాను. నువ్వు రాని పొద్దున నాకు కాలూ చెయ్యీ ఆడదు. నువ్వంటే నాకు ఇష్టం. ఇది మాత్రం దాచదలుచుకోలేదు.”

బయట బెంచీ మీద ఎవరో పెద్దాయన గట్టిగా దగ్గాడు. ఆమె మెల్లగా ఫ్రేమ్ తీసి, అద్దాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దింది. మీ కళ్లు బాగానే ఉన్నాయి, జనం ఎదురుచూస్తున్నారు, బయలుదేరండి అంది. అతను లేచి తలుపు దాకా వెళ్లాడు.

“మాస్టర్,” అని పిలిచింది. “నీ టీ బాగా కుదిరి చాలా రోజులైంది.”

అతనికి అర్థం కాలేదు. “లవంగం ఎక్కువైందని రోజూ అన్నావుగా?”

“అన్నాను. వంక లేకపోతే మర్నాడు ఏ మొహం పెట్టుకుని రాను?”

ఆమె మొహం తిప్పుకుని లైటు వేసింది గాని, నవ్వు మాత్రం దాగలేదు. రోజూ పొద్దున్నే ఎక్కడికని అమ్మ అడుగుతోందని, సెలవు రోజున ఆవిడను కిందికి తీసుకొస్తానని, మీ అక్కని కూడా పిలిపించుకోమని గబగబా చెప్పి, తర్వాతివాళ్లను రమ్మంది.

ఆ సెలవు రోజు పొద్దున అక్క మొదటి బస్సుకే దిగింది. పై నుంచి తల్లీ కూతుళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లమ్మ మితభాషి. గది నాలుగు వైపులా చూసి, ఉద్యోగం గురించి ఒకటి రెండు మాటలు అడిగి ఊరుకుంది. మాస్టర్ స్టవ్ దగ్గర దంచిన అల్లాన్నే మళ్లీ దంచాడు. టీ రంగు కుదిరింది, వాసన కుదిరిందని తన ముక్కే చెప్పింది. అందరికీ కప్పులు అందించాడు.

కూతురు ఒక గుక్క తాగి కళ్లు పెద్దవి చేసింది. అక్క కప్పులోకి, తమ్ముడి మొహంలోకి మార్చి మార్చి చూసింది. వాళ్లమ్మ మాత్రం తొణక్కుండా మొత్తం తాగి, కప్పు కింద పెట్టింది.

“పంచదార వెయ్యకుండా ఇచ్చావు. నాకు షుగరని మా అమ్మాయి చెప్పిందా?”

అవునంటే అయిపోయేది. అక్క కూడా అవునను అన్నట్టు కళ్లతో సైగ చేసింది. మాస్టర్ మూత తియ్యని పంచదార డబ్బా వంక చూశాడు.

“లేదండీ. కంగారులో మర్చిపోయాను.”

ఆవిడ అతని వంక కాసేపు చూసింది. తర్వాత అక్క వైపు తిరిగి, “మీ తమ్ముడికి అబద్ధమాడటం చేతకాదల్లే ఉందమ్మా,” అంది. కూతురికి టీ పొలమారింది. దగ్గుతూనే నవ్వింది. ఆవిడ ఆ నవ్వు వంకా, దాన్ని చూస్తూ నిలబడిపోయిన మాస్టర్ వంకా చూసి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

“మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి పైకి రండి. కూర్చుని మాట్లాడుకుందాం.”