కోళ్ళ కుండ

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది గానీ, మబ్బు సముద్రం మీంచి కదలలేదు. కొబ్బరాకుల కొసల నుంచి ఇంకా నీళ్ళు రాలుతున్నాయి. అలాంటి తడి పొద్దున వాసన పైకి లేవదు, నేలబారున పాకి ఇళ్ళలోకి వస్తుంది. అప్పన్న ఇంటి పెరట్లోని పుల్లటి వాసన అలాగే వీధరుగు దాకా వచ్చింది.

అరుగు మీద కూర్చున్న బొడ్డమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె అప్పన్నకి అక్క. ముందురోజే నిమ్మాడ నుంచి బండి మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏదీ ఆమెకి నచ్చలేదు.

"ఏట్రా అప్పన్నా, పెరట్లో ఏటి సచ్చింది?"

"ఏటీ సావలేదప్పా. నా కోడలు కోళ్ళకి విందు సేత్తంది."

కోడలు సింహాచలమ్మ పెరట్లో మునగచెట్టు కింద కుండ ముందు కూర్చుని ఉంది. అందులో నూకలూ చోడి గింజలూ నానబెట్టి పులియనిస్తుంది. పైన నురగ కట్టి, బుడగలు ఒక్కొక్కటే లేచి చిట్లుతున్నాయి. కొబ్బరిచిప్పతో తీసి బండ మీద పోసేసరికి కోళ్ళు రెక్కలు చాచి వచ్చాయి. పొడి నూకలు చల్లితే అవి నడిచి వస్తాయి, దీనికి మాత్రం పరుగెత్తి వస్తాయి.

"మడుసులం గంజి తాగి బతుకుతన్నాం. కోళ్ళకి పులియబెట్టి వడ్డించాలట," అన్నాడు అప్పన్న, ఆమెకి వినపడేలా. "రేపు వాటికి పీటలు కూడా వేత్తాది."

"నౌపడోళ్ళు కదరా. ఉప్పు మడుల్లో పుట్టినోళ్ళకి మాట ఉప్పన, సెయ్యి పుల్లన."

సింహాచలమ్మ తలెత్తలేదు. ఆమె మొగుడు చిన్నారావు చూరు కింద కూర్చుని కొబ్బరితాడు పేనుతున్నాడు. అతనూ తలెత్తలేదు. తండ్రి నోరు విప్పినప్పుడల్లా అతనికి చేతిలో పని ఎక్కువవుతుంది.

అప్పన్న భార్య రాజులమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ అప్పన్న పులిసిన గంజిలో నానబెట్టిన తరవాణి అన్నం తిని, పైన లోటాడు తరవాణి తాగి గానీ తోటకి వెళ్ళేవాడు కాదు. ఆ తరవాణి కుండ రాజులమ్మకి అత్తగారు అప్పగించినది. పాత పులుపు కొంచెం అడుగున ఉంచి, దానిమీదే రోజూ గంజి పోసేది. కుండ పగిలితే కొత్త కుండ వచ్చేది గానీ పులుపు మారేది కాదు. రాజులమ్మ పెద్దకర్మ నాడు ఇంట్లో మైల కుండలన్నిటినీ అప్పన్నే మోసుకుపోయి జీడితోట గట్టున పగలగొట్టాడు. పంతులుగారు చెప్పేదాకా కూడా ఆగలేదు. ఆచారంలో అతనికి వంక పెట్టగలిగినవాడు ఆ ఊళ్ళో లేడు.

ఆ తర్వాత సింహాచలమ్మ కొత్త కుండ పెట్టింది. అది పులిసేది గానీ అప్పన్న నాలుకకి ఆనేది కాదు. ఊళ్ళో ఎవరింట్లోనైనా పులుపు అడిగి తెస్తానంటే, మన ఇంట్లోకి పరాయి పులుపేటని తిట్టాడు.

ఆ పొద్దున కూడా ఆమె అన్నం వడ్డించి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పక్కన పెట్టింది. అప్పన్న ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం తోసేశాడు.

"కోళ్ళకేమో పులుపు, నాకేమో కడుగునీళ్ళు. ఇంతకన్నా బతుకు ఏటుంది? ఇగో, సెప్తన్నాను. ఈ ఇంట్లో ఆ కుండైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి. పొద్దుగూకేలోగా తేల్చుకో. లేదంటే బండి కట్టి నౌపడ దింపేత్తాను."

"అయ్యా..." అన్నాడు చిన్నారావు.

"నువ్వు మాటాడకు. నీకు కూడా ఆ మేతే పెడతందేమో, అందుకే నోరు పులిసిపోయింది."

అప్పుడు సింహాచలమ్మ మాట్లాడింది. "నన్నంపీ మావా. కుండ జోలికి ఎల్లకు."

బొడ్డమ్మ చప్పరించింది. "విన్నావట్రా. మొగుడికన్నా కుండ ఎక్కువట."

అప్పన్న చేతికర్ర తీసుకుని పెరట్లోకి నడిచాడు. బొడ్డమ్మ పెరటి గుమ్మం దాకా వెనకే వచ్చింది. ఒక్క దెబ్బకి కుండ పక్క ఊడిపోయింది. నూకలూ చోళ్ళూ బురదలో కలిశాయి. బెదిరి చెదిరిన కోళ్ళు వెంటనే తిరిగొచ్చి ఎగబడ్డాయి. సింహాచలమ్మ వాటి మధ్య మోకాళ్ళ మీద పడి, ఒక చేత్తో కోళ్ళని తోస్తూ, పగిలిన అడుగులో మిగిలినది చిప్పలోకి వంచుకుంది.

"సూడండి," అని నవ్వాడు అప్పన్న. "కోళ్ళతో పాటు ఏరుకుంటంది."

"కోళ్ళది కాదు మావా. అత్తది."

అప్పన్న నవ్వు ఆగింది.

"అత్త రోజూ పొద్దున్నే ఇంట్లో తరవాణి లోటాడు తెచ్చి ఇందులో పోసీది. నూకలు దాంతోనే పులిసీవి. నువ్వు ఇంట్లో కుండలన్నీ పగలగొట్టావు. పెరట్లో కుండ నీకు గుర్తు రాలేదు. నాను దీని అడుగు ఎండనివ్వలేదు. అంతే."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" అంది బొడ్డమ్మ.

"సెప్తే ఉంచుతారేటి? మైల పులుపని ఆ రోజే పగలగొడుదురు. సెప్పకుండా ఇంటి కుండలో పొయ్యడానికి మనసొప్పలేదు. మావ సంగతి నీకు తెలీదా అమ్మా."

బొడ్డమ్మ మెట్లు దిగి వచ్చింది. కొంగు ముక్కు మీంచి తీసి, చిప్ప మీదికి వంగింది. వాసన పీల్చింది. లేచి తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మ తరవాణిరా ఇది. ఈ ఇంట్లోనే పుట్టాను, నాకు తెలీదా. పొద్దున్నే పోల్చుకోవలసింది. ముక్కు మూసుకున్నాక ఏటి తెలుత్తాది."

అప్పన్న బురదలోని పెంకుల వంక చూశాడు.

"నువ్వు పగలగొట్టడం ఇది రెండోసారి," అంది బొడ్డమ్మ. "అమ్మ ఇచ్చినదాన్ని, పెళ్ళాం కాసినదాన్ని. ఉప్పు మడుల పిల్ల లేకపోతే ఈ పాటికి నీకు ఏదీ లేదు."

చిప్ప ఒక పక్కకి ఒరిగి చుక్క కారింది. అప్పన్న కర్ర వదిలేసి రెండు చేతులూ దాని కిందకి పెట్టాడు. ఆ వాసన దగ్గరగా తగిలేసరికి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఇంట్లో కొత్త కుండ ఉందేటి?"

"ఉంది మావా. మరి మైలని..."

"కోళ్ళ కుండకి మైలేటే," అంది బొడ్డమ్మ.

"ఇటియ్యి. నాను పట్టుకుంటాను," అన్నాడు అప్పన్న. ఆ చిప్ప పట్టుకుని, బురదలో ఒక్కో అడుగే వేస్తూ వంటింట్లోకి నడిచాడు. చిన్నారావు తాడు పక్కన పడేసి లేచి, గడప దగ్గర తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

బొడ్డమ్మ ఆ వారం నిమ్మాడ వెళ్ళలేదు. కుండ ఎలా ఉందో చూడాలంది. రోజూ పొద్దున్నే మూత తీసి, వాసన చూసి మళ్ళీ మూసేది. ఒక పొద్దున మూత తీసి, "కంచాలు పెట్టు," అంది.

సింహాచలమ్మ ముందుగా లోటాడు తరవాణి ముంచి పెరట్లోకి నడవబోయింది. అప్పన్న ఆ లోటా అందుకుని తనే వెళ్ళాడు. కోళ్ళకి పెట్టిన కొత్త కుండలో పోసి తిరిగొచ్చాడు. గోడకి ఆనించిన పీట తీసి తన కంచం పక్కన వేశాడు.

"కూకో," అన్నాడు కోడలితో.

ఆమె మొగుడి వంక చూసింది. చిన్నారావు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. అప్పన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ అతని మొహం వంక చూడలేదు. కాసేపటికి అతను తన కంచంలోని ఉల్లిపాయని సగం చిదిపి, కోడలి కంచంలో వేశాడు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.